నాయిన పెన్ డ్రైవ్‌లో ఈ ఏటి పాటలు

(9వ తరగతి)

ఈసారి పత్రికకు "ఈ సంవత్సరం నాకు నచ్చినవి" అనే విషయం మీద ఏదైనా రాయమని మా తెలుగు సారు చెప్పారు. మా క్లాసులో సగం మంది క్రికెట్ గురించి రాస్తున్నారు. ఇద్దరు సినిమాల గురించి. నేను పాటల గురించి రాస్తానంటే సారు నవ్వి, "పాటల గురించి ఏం రాస్తవమ్మా, పేర్లు రాస్తవా?" అన్నారు. పేర్లు కూడా రాస్తాను సార్. కానీ నా దగ్గర పాటల లెక్క వేరే ఉంది. ఈ ఏడాది నేను విన్న ప్రతి పాటనూ ఒకటే ప్రశ్న అడిగాను: రాత్రి రెండు గంటలకు, ఉమర్గా దగ్గర, ఈ పాట పని చేస్తదా, చెయ్యదా?

ఎందుకంటే మా నాయిన లారీ డ్రైవరు. బండి మాది కాదు, సేటుది. షోలాపూర్ నుంచి ఉల్లిగడ్డ వేసుకొని హైదరాబాద్ మలక్‌పేట మార్కెట్‌కు పోతాడు. అటు నుంచి ఏ లోడు దొరికితే ఆ లోడు. ఒక వైపు మూడు వందల కిలోమీటర్ల పైనే. మధ్యలో మా ఊరు వస్తుంది కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు బండి రోడ్డు పక్కన ఆపి, ఇంటికి వచ్చి, స్నానం చేసి, తిని పోతాడు. ఇంతకుముందు బండిలో క్లీనర్ అన్న ఉండేవాడు. నాయినతో మాట్లాడుతూ కూర్చునేవాడు. ఇప్పుడు ఖర్చు ఎక్కువైతుందని సేట్లు క్లీనర్లను పెట్టుకోవడం లేదు. అందుకని నాయినకు పాటలే క్లీనర్. ఆ పాటలు పెన్ డ్రైవ్‌లో ఎక్కించే పని నాది. ఏడో తరగతి నుంచి చేస్తున్నాను.

మా ఊరు తెలియని వాళ్ళకు చెప్తాను. హైదరాబాద్ నుంచి వస్తే జహీరాబాద్ దాటి కర్ణాటకలోకి వచ్చినాక, హుమ్నాబాద్ కంటే ముందు మన్నాఏఖేళ్ళి. బీదర్ నుంచి వచ్చే రోడ్డు హైవేను కలిసేది ఇక్కడే. ఈ హైవే పుణె నుంచి మచిలీపట్నం దాకా పోతుంది. ఇప్పుడు దాని నంబరు 65, కానీ పెద్దవాళ్ళు ఇంకా నంబర్ తొమ్మిది అనే అంటారు. 1956లో రాష్ట్రాలు మారేదాకా జహీరాబాద్ కూడా మా బీదర్ జిల్లాలోనే ఉండేదట. మా అమ్మ పుట్టిల్లు అటువైపు. నాయిన పుట్టింది ఇటువైపు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. నాయిన చదివింది మాత్రం కన్నడ బడిలో, ఐదో తరగతి దాకా. నేను తెలుగు మీడియం. బజారుకు పోతే కన్నడం, మటన్ దుకాణంలో ఉర్దూ, షోలాపూర్ బండ్లు ఆగితే మరాఠీ. మా చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే నాలుగు భాషల పాటలు ఒకదాని మీద ఒకటి పడి పోతుంటాయి. ఏ పాట హిట్టో తెలుసుకోవడానికి నాకు టీవీ అక్కర లేదు.

2022 ఎండాకాలం సెలవుల్లో మా చౌరస్తాను ఏలింది కేజీఎఫ్ రెండో భాగం. ఏప్రిల్ 14న సినిమా వచ్చింది. "తూఫాన్" పాట ఒక ఆటోలో కన్నడంలో, ఇంకో ఆటోలో తెలుగులో, ట్రాక్టర్‌లో హిందీలో మోగింది. రవి బస్రూర్ సంగీతం. నాకు మొదట చాలా నచ్చింది, తరువాత తల నొప్పి వచ్చింది. అదే ఎండాకాలంలో మే 29న పంజాబ్‌లో సిద్ధూ మూసేవాలా అనే గాయకుణ్ణి కాల్చి చంపారు. మాకు ఆయన పేరు కూడా తెలియదు. కానీ ఆ వారమంతా హైవే మీద ఆగిన పంజాబ్ లారీల్లో ఆయన పాటలే. ఒక సర్దార్‌జీ డ్రైవరు టీ తాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ పాట వింటున్నాడని నాయిన వచ్చి చెప్పాడు. "మనకు బాలు పోయినప్పుడు ఎట్లుండె, వాళ్ళకు గట్లుంది" అన్నాడు.

"పసూరి" పాట నాకు చూపించింది మా క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి. వాళ్ళింట్లో దక్కనీ మాట్లాడుతారు. అది పాకిస్తాన్ కోక్ స్టూడియోలో 2022 ఫిబ్రవరిలో వచ్చిన పాట. అలీ సేఠీ, షే గిల్ పాడారు. భాష పంజాబీ, కొంచెం ఉర్దూ. ఆమెకు సగమే అర్థమైంది, నాకు అసలు అర్థం కాలేదు, అయినా ఇద్దరం రీసెస్‌లో అదే పాడుకున్నాం. పెన్ డ్రైవ్‌లో వేశాను. నాయిన విని, "ఎక్కడిది ఇది?" అన్నాడు. చెప్పాను. "బాగుంది తియ్, ఉండని" అన్నాడు. అంతే. బాగుంటే నాయిన ఇంకేమీ అడగడు.

ఇప్పుడు ఆగస్టు సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఈ వ్యాసం రాయలేను.

ఆగస్టు 5న "సీతారామం" సినిమా వచ్చింది. విశాల్ చంద్రశేఖర్ సంగీతం. ఈ ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన పాటలు ఇవే అని ముందే ఒప్పుకుంటున్నాను. అందులో "కానున్న కళ్యాణం" అనే పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రాసింది. ఆయన 2021 నవంబరు 30న చనిపోయారు. పాట మాకు చేరేసరికి రాసినాయన లేరు. అనురాగ్ కులకర్ణి, సింధూరి విశాల్ ఒకరినొకరు ప్రశ్న అడిగి జవాబు చెప్పుకున్నట్టు పాడతారు. పంద్రాగస్టు సెలవు రోజు నేను మొబైల్ షాపుకు పోయి, ఇరవై రూపాయలిచ్చి, సీతారామం పాటలన్నీ ఎక్కించి, నాయిన పెన్ డ్రైవ్‌లో అన్నిటికంటే ముందు పెట్టాను. నాకు నచ్చినవి నాయిన వింటాడని సంతోషం.

నాలుగు రోజుల తరువాత నాయిన పొద్దున్నే వచ్చాడు. నేను పక్క మీదే ఉన్నాను, కానీ మెలకువగా ఉన్నాను. వంటింట్లో అమ్మతో మెల్లగా అంటున్నాడు. ఉమర్గా రాకముందు రాత్రి మూడింటికి కన్ను మూతపడిందట. ముందు టైరు డాంబర్ రోడ్డు దిగి మట్టిలోకి పోయి బండి అదిరితే లేచాడట. పక్కన కాలువ ఉందట. "పాట మంచిగుండె. అవ్వ జోకొట్టినట్టుండె. కన్ను ఎప్పుడు పడ్డదో తెల్వది" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. రొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది. "పిల్లకు చెప్పకు" అన్నాడు నాయిన.

నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను. ఏ పాటో నాకు తెలుసు. ఎక్కించింది నేను. మొదట పెట్టింది నేను.

ఆ రోజు నాయిన పడుకున్నాక, బండి తాళాల దగ్గర ఉన్న పెన్ డ్రైవ్ తీసుకొని షాపుకు పోయి, సీతారామం పాటలన్నీ తీసేయించాను. షాపు అన్న "గిప్పుడే కదా ఎక్కించింది, ఏమైంది?" అన్నాడు. ఏమీ చెప్పలేదు. వాటి జాగాలో డప్పు పాటలు, కేజీఎఫ్, "భీమ్లా నాయక్" వేయించాను. భీమ్లా నాయక్ పాట మొదట్లో వినిపించే గొంతు దర్శనం మొగులయ్య గారిది, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన. ఆయనకు 2022లోనే పద్మశ్రీ ఇచ్చారు. ఆ కిన్నెర మోత వింటే ఎవరికీ నిద్ర రాదని నా నమ్మకం.

తరువాతి వారం నాయిన వచ్చి, "బిడ్డా, గా సీతారామం పాటలు ఏడబోయినై?" అన్నాడు. పెన్ డ్రైవ్ ఖరాబైందని అబద్ధం చెప్పాను. నాయిన కొంచెంసేపు నా ముఖం చూశాడు. తరువాత మంచం మీద కూర్చోబెట్టుకొని అన్నాడు: "పాట మీద కోపం చేస్తే ఎట్లనే? దాని తప్పు ఏమున్నది? నేను రెండు రాత్రులు పండుకోలే. ఒక లోడు దింపంగనే ఇంకో లోడు పెట్టిండ్రు. ఆ రాత్రి డప్పు మోగినా పండుకునేటోన్నే."

నాకు సగం నమ్మకం కలిగింది, సగం కలగలేదు. నాయిన నన్ను ఓదార్చడానికి అలా అని ఉంటాడని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ ఆ రోజు నుంచి నాయిన, నేను కూర్చొని పాటలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అంతకుముందు నేను ఎక్కించేదాన్ని, ఆయన వినేవాడు, అంతే. ఇప్పుడు రెండు ఫోల్డర్లు: "పగలు", "రాత్రి". నాయిన బండిలో ఉన్న డబ్బా ఎక్కించిన వరుసలోనే పాడుతుంది, పేరు ముందు 01, 02 అని పెట్టినా వినదు. కాబట్టి వరుస ముందే ఆలోచించుకొని ఒక్కొక్కటే ఎక్కించాలి. ఏ పాట తరువాత ఏది రావాలో కాగితం మీద రాసుకొని పోతాను. షాపు అన్న నన్ను చూస్తే ఇప్పుడు పారిపోతున్నాడు.

ఫోల్డర్లో ఏమున్నాయో నాయినకు తెలియాలని లిస్టు కూడా రాసి ఇచ్చాను, బండిలో అంటించుకొమ్మని. తెలుగులో రాశాను. నాయిన తెలుగు చదవడు అనుకొని తరువాత నాలుక కరుచుకున్నాను. కానీ ఆయన దాన్ని పట్టుకొని మెల్లమెల్లగా చదివేశాడు! మన అక్షరాలు, కన్నడ అక్షరాలు అక్కచెల్లెళ్ళ లాంటివి కదా. తలకట్టు దగ్గర, "శ" దగ్గర, "త" దగ్గర ఆగాడు. "ఇదేంది, మా 'త'కు మీరు ముడి వేరే తీరు వేసిండ్రు" అన్నాడు. ఆ తరువాత నుంచి వచ్చినప్పుడల్లా నా తెలుగు వాచకం తీసి చదువుతున్నాడు. సార్, ఇది మీకు చెప్పాలనుకున్నాను, చెప్పలేదు.

రాత్రి ఫోల్డర్ గురించి నాకు తెలిసింది అంతా తప్పు అని త్వరలోనే తేలింది. నేను అనుకున్నది: గట్టిగా, వేగంగా ఉన్న పాట నిద్ర ఆపుతుంది. అందుకని "రా రా రక్కమ్మ" మొదట వేశాను. "విక్రాంత్ రోణ" సినిమాది, జులైలో వచ్చింది. తెలుగులో మంగ్లీ, నకాశ్ అజీజ్ పాడారు. మా బడి వార్షికోత్సవంలో కూడా దీనికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. నాయిన ఏమన్నాడంటే, "మొదటి పది నిమిషాలు మంచిగుంటది. గంటసేపు గదే తీరు పాటలు వస్తే అది కూడ ఇంజను మోత లెక్కనే. ఇంజను మోతకు మనిషి పండుకుంటడు కదా."

మరి ఏది ఆపుతుంది? నాయిన చెప్పిన జవాబు నేను ఎక్కడా చదవలేదు. మనం కూడా పాడే పాట ఆపుతుందట. నోరు ఆడాలట. నోరు ఆడుతుంటే కన్ను పడదట. అంటే మాటలు వచ్చిన పాట కావాలి. కొత్త పాట ఎంత మంచిదైనా మాటలు నోటికి వచ్చేదాకా రాత్రి పనికిరాదు. ఇది విన్నాక నా "ఈ సంవత్సరం మంచి పాటలు" లెక్క మొత్తం తలకిందులైంది. పాట బాగుందా అని కాదు, పాడుకోబుద్ధి అవుతుందా, ఎన్నిసార్లు వింటే మాటలు వస్తాయి అని చూడటం మొదలుపెట్టాను.

ఉదాహరణకు "కేసరియా". "బ్రహ్మాస్త్ర" సినిమాలోది, ప్రీతమ్ సంగీతం. హిందీలో అరిజిత్ సింగ్ పాడాడు, తెలుగులో సిద్ శ్రీరామ్. తెలుగు పాట చంద్రబోస్ రాశారు. నాకు హిందీది ఇష్టం, అమ్మకు తెలుగుది. షోలాపూర్‌లో హిందీది విని, జహీరాబాద్‌లో తెలుగుది విని నాయిన రెండూ కలిపి పాడతాడు. ఒక లైను హిందీ, ఒక లైను తెలుగు, మధ్యలో మాటలు మరిచిపోతే లా లా లా. మేం నవ్వుతాం. కానీ ఆ పాట రాత్రి ఫోల్డర్లో పాసైంది.

అక్టోబరులో ఒక కొత్త సంగతి జరిగింది. రాజ్యోత్సవానికి ముందు అక్టోబరు 28న కర్ణాటక అంతటా కోటి కంఠ గాయన అని పెట్టారు. కోటి మంది ఒకేసారి కన్నడ పాటలు పాడాలని. ఆరు పాటలు. కువెంపు గారి నాడగీతె, ఆయనదే డిండిమ పాట, హుయిలగోళ నారాయణరావు గారి ఉదయగీతం, డి.ఎస్. కర్కి గారి దీపం పాట, చెన్నవీర కణవి గారిది ఒకటి, చివరిది హంసలేఖ గారు సినిమాకు రాసింది, డాక్టర్ రాజ్‌కుమార్ పాడింది. వారం రోజులు నేర్చుకున్నాం. తెలుగు మీడియం పిల్లలం కాబట్టి మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాం. ఇంట్లో నేర్చుకుంటుంటే, అన్నం తింటున్న నాయిన ఒక్కసారిగా అందుకున్నాడు. ఆరింటిలో మూడు మొత్తం వచ్చు ఆయనకు! ఐదో తరగతిలో బడి ముందు నిలబడి పాడేవాడట. ముప్పై ఏళ్ళైనా ఒక్క మాట పోలేదు. నేను తప్పు పాడిన చోట దిద్దాడు కూడా. నాకు కొంచెం సిగ్గయింది, చాలా సంతోషమైంది. ఆ మూడు పాటలూ రాత్రి ఫోల్డర్లో మొదట పెట్టాం. ఈ సంవత్సరం నాయినను ఎక్కువ రాత్రులు మేల్కొలిపింది కొత్త పాట ఏదీ కాదు, ఆయన ఐదో తరగతిలో నేర్చుకున్న పాటలు. ఇవి ఈ ఏటి పాటల్లోకి వస్తాయా రావా అని సారు అడిగితే, నేను ఈ ఏడే విన్నాను కాబట్టి వస్తాయి.

"కాంతార" గురించి రాయకుంటే మా క్లాసు వాళ్ళు నన్ను ఊరుకోరు. సెప్టెంబరు 30న కన్నడంలో, అక్టోబరు 15న తెలుగులో వచ్చింది. అందులో వాళ్ళ కన్నడం మంగళూరు వైపుది. మా బీదర్ కన్నడంతో పోలిస్తే వేరే భాష లాగే ఉంటుంది. మా ఇంటి పక్క అజ్జి సినిమా చూసి, "కన్నడమే కానీ నాకు తెలుగులో చూస్తేనే తెలిసింది" అంది. అందులో రెండు పాటల గురించి చెప్తాను. "సింగార సిరియే" పగలు ఫోల్డర్లో మొదటిది, విజయ్ ప్రకాశ్, అనన్యా భట్ పాడారు. పొలం గట్టు మీద నడుస్తున్నట్టు ఉంటుంది. రెండోది "వరాహ రూపం", సాయి విఘ్నేశ్ పాడింది. అజనీశ్ లోకనాథ్ సంగీతం. రా రా రక్కమ్మ కట్టింది కూడా ఈయనే అంటే నేను నమ్మలేదు.

ఈ వరాహ రూపం విషయంలో ఒక తమాషా. కేరళలో తైక్కుడం బ్రిడ్జ్ అనే బ్యాండు ఉంది. తమ "నవరసం" పాట లాగే ఇది ఉందని వాళ్ళు కోర్టుకు పోయారు. కోర్టు ఆపమంది. పాట యూట్యూబ్‌లోంచి పోయింది. నవంబరులో సినిమా ఓటీటీలోకి వచ్చినప్పుడు ఆ జాగాలో వేరే ట్యూను పెట్టారు. అందరూ గోల. ఆ రోజుల్లో మా బడి పిల్లలు ఆ పాట వినడానికి మా ఇంటికి వచ్చారు. ఎందుకంటే నాయిన పెన్ డ్రైవ్‌లో ముందే ఎక్కించిన పాత పాట అలాగే ఉంది. లారీలో ఆరుగురం ఎక్కి కూర్చొని విన్నాం. తరువాత పాట మళ్ళీ వచ్చిందనుకోండి. ఎవరిది న్యాయమో నాకు తెలియదు. రెండు పాటలూ విన్నాను, దగ్గరగానే ఉన్నాయి. కానీ ఆ నెల రోజులు మా లారీకి ఉన్న గౌరవం మళ్ళీ రాలేదు. నాయిన మాత్రం ఆ పాటను రాత్రి పెట్టవద్దన్నాడు. చివర్లో ఆ అరుపు విని ఒకసారి గుండె జల్లుమని బ్రేకు మీద కాలు వేశాడట.

డిసెంబరులో దత్త జయంతికి హుమ్నాబాద్ పక్కనే ఉన్న మాణిక్‌నగర్‌కు అమ్మతో పోయాను. మాణిక్ ప్రభు జాతర. అక్కడ సంగీత దర్బారు జరుగుతుంది. నేను మొదటిసారి మైకుకు దగ్గరగా కూర్చొని హిందుస్తానీ పాట విన్నాను. ఒకాయన ఒక్క మాటనే అరగంట పాడాడు. మొదట నవ్వొచ్చింది. తరువాత నవ్వు ఆగిపోయింది. అమ్మ నా భుజం మీద పడి నిద్రపోయింది. నేను పోలేదు. దీని గురించి ఇంకా ఎక్కువ రాయడం నాకు రాదు.

ఫిబ్రవరి నెల అమ్మది. 2వ తేదీన దర్శకుడు కె. విశ్వనాథ్ గారు చనిపోయారు. ఆయన తీసిన "శంకరాభరణం" 1980లో విడుదలైంది కూడా ఫిబ్రవరి 2నే. రెండు రోజులకు, 4వ తేదీన, ఆ సినిమాలో పాడిన వాణీ జయరామ్ గారు చనిపోయారు. ఆ పాటలకే ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది. పోయిన నెలలోనే పద్మభూషణ్ ప్రకటించారు, తీసుకోకుండానే పోయారు. అమ్మ ఆ వారం వంట చేస్తూ వరుసగా ఆమె పాటలే పెట్టింది, తెలుగువి, కన్నడవి. అన్నీ నేను మొదటిసారి వినడమే. ఒక పాట తెలుగులో పాడుతుంటే ఈమె మనామె అనిపిస్తుంది, కన్నడంలో పాడుతుంటే వాళ్ళామె అనిపిస్తుంది. ఆమె పుట్టింది తమిళనాడులో వెల్లూరులో అని తరువాత తెలిసింది. మా అమ్మ అత్తవారింటికి వచ్చినప్పుడు కన్నడం ఒక్క ముక్క రాదట. రేడియోలో వాణీ జయరామ్ పాటలతో కొంత నేర్చుకుందట. ఇన్నేళ్ళకు ఇప్పుడు చెప్పింది.

ఇక "నాటు నాటు". దీని గురించి అందరూ రాస్తారు కాబట్టి తొందరగా రాస్తాను. కీరవాణి సంగీతం, చంద్రబోస్ మాటలు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతు, ప్రేమ్ రక్షిత్ స్టెప్పులు. ఉక్రెయిన్‌లో కీవ్ నగరంలో అధ్యక్షుడి భవనం ముందు తీశారు. తీసిన కొన్ని నెలలకే అక్కడ యుద్ధం వచ్చింది. 2023 మార్చి 13, సోమవారం పొద్దున, ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. మన దేశపు సినిమా పాటకు ఆ బహుమతి రావడం ఇదే మొదలు. కీరవాణి గారు చిన్నప్పుడు కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని అక్కడ చెప్పారు. మా క్లాసులో ఒకడు ఆయన వడ్రంగుల ఇళ్ళ మధ్య పెరిగాడని అనుకున్నాడు. అది ఒక అమెరికా బ్యాండు పేరని ఇంగ్లీషు సారు చెప్పేదాకా మేమూ అదే అనుకున్నాం. ఆ పొద్దున నాయిన మలక్‌పేటలో లోడు దింపుతున్నాడు. ఫోన్ చేశాడు. వెనకాల హమాలీల కేకలు. "చంద్రబోసుది వరంగల్ దిక్కు పల్లెటూరంట కదా, చల్లగరిగ. ఇక్కడ ఒకాయనది ఆ పక్క ఊరే, మిఠాయి పంచుతుండు" అన్నాడు. రాత్రి ఫోల్డర్లో ఈ పాటకు ఎప్పుడూ జాగా ఉంది. నాయినకు ప్రతి మాటా వచ్చు. స్టీరింగ్ మీద దరువు కూడా వేస్తాడట.

చివరి పాట ఈ నెలదే. మార్చి 3న "బలగం" సినిమా వచ్చింది. భీమ్స్ సంగీతం. "ఊరు పల్లెటూరు" పాట రామ్ మిర్యాల, మంగ్లీ పాడారు, కాసర్ల శ్యామ్ రాశారు. అది పగలు ఫోల్డర్‌కు సరిగ్గా సరిపోయింది. కానీ నేను చెప్పేది సినిమా చివర్లో వచ్చే పాట. మొగిలయ్య, కొమురవ్వ అనే భార్యాభర్తలు పాడతారు, ఊళ్ళల్లో చావు ఇంటి ముందు చనిపోయిన మనిషి కథ చెప్పేవాళ్ళు. (కిన్నెర మొగులయ్య వేరు, ఈ మొగిలయ్య వేరు. మా క్లాసులో గొడవ జరిగింది కాబట్టి రాస్తున్నాను.) కథ లాగా ఉంది, మాటలు వెంట పోవాలి, కాబట్టి నిద్ర రాదని నేను లెక్క వేసి రాత్రి ఫోల్డర్లో వేశాను.

మూడో రోజు నాయిన ఫోన్ చేశాడు. రాత్రి పదకొండు. నేను పరీక్షకు చదువుతున్నాను. "బిడ్డా, గా పాట తీసెయ్" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. మళ్ళీ ఆగస్టు గుర్తొచ్చింది.

"నిద్ర వచ్చిందా నాయినా?"

"నిద్ర గాదు. కండ్లు కనిపిస్తలేవు, రోడ్డు మసక మసక అయితుంది. బండి పక్కకు పెట్టిన." కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "మా నాయిన పోయిననాడు గిట్లనే పాడిండ్రు" అన్నాడు.

తాత చనిపోయినప్పుడు నేను పుట్టలేదు. ఆయన గురించి నాయిన ఇంట్లో ఎప్పుడూ మాట్లాడడు. ఆ రాత్రి రోడ్డు పక్కన బండి ఆపుకొని అరగంట మాట్లాడాడు. తాత ఎడ్లబండి మీద చిట్గుప్ప సంతకు పోతూ పాడేవాడట. ఏం పాట అని అడిగాను. అన్నాడు, సగం గుర్తుంది, సగం లేదు.

తీసేయలేదు నేను ఆ పాటను. మూడో ఫోల్డర్ పెట్టాను. దాని పేరు "బండి ఆపినప్పుడు". అందులో బలగం చివరి పాట, వాణీ జయరామ్ పాటలు నాలుగు, ఇంకా సీతారామం పాటలన్నీ మళ్ళీ ఎక్కించాను. ఈసారి షాపు అన్న డబ్బులు తీసుకోలేదు.

నిన్న రాత్రి తొమ్మిదింటికి నాయిన ఫోన్ చేశాడు. హుమ్నాబాద్ దాటి ఒక ధాబా దగ్గర ఆగాడట, టైర్లు చల్లబడాలి, రెండు గంటలు పండుకొని పోతానన్నాడు. వెనకాల చిన్నగా "కానున్న కళ్యాణం" వినిపిస్తోంది. "పెట్టుకున్న, ఇంక పండుకుంట" అన్నాడు. మూడో ఫోల్డర్లో ఇంకా జాగా ఉంది, ఎవరికైనా మంచి పాట తెలిస్తే నాకు చెప్పండి.